రెండు రబ్బరు కప్పలు, ఒక కొర్రమీను చెరువు

గాజువాకలో ఉంటాను, షిఫ్టు డ్యూటీ. వారానికి ఒక ఆఫ్ వస్తుంది. ఆ రోజు తెల్లారకుండానే బండి తీసి సబ్బవరం అవతల ఒక ఊరి చెరువుకి వెళ్లడం పదేళ్లుగా నా అలవాటు. చెరువు పాట పాడుకున్నాయనకి రోజుకి ఇంత అని ఇచ్చి గాలం వేసుకుంటాను. మొదట్లో వానపాములు, తర్వాత పిండి ముద్దలు. కిందటి జూన్ నుంచి మాత్రం కప్ప. బతికున్న కప్ప కాదు, రబ్బరు కప్ప. ఫ్రాగ్ లూర్ అంటారు. ఇలాంటివి రెండు ఆరు నెలల పాటు ఒకే చెరువులో, ఒకే కర్రకి మార్చి మార్చి కట్టి వాడాను. కొర్రమీను కోసం ఏ కప్ప కొనాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కంపెనీ పేర్లు రాయడం లేదు. ఒకే అచ్చులో పోసిన కప్ప నాలుగు పేర్లతో, నాలుగు ధరలతో కనిపించింది. పేరు గుర్తు పెట్టుకుని కొంటే మోసపోతారు. చేత్తో పట్టుకుని ఏం చూడాలో చెబుతాను, అది చూసి కొనండి.

మొదటిది ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక షాపులో 220 రూపాయలకి కొన్నాను. విశాఖలో గాలం అంటే ముందు సముద్రమే కదా. రుషికొండ రాళ్ల మీద నిలబడేవాళ్లు, యారాడ వెళ్లేవాళ్లు, భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చునేవాళ్లు ఎక్కువ. అందుకే షాపు నిండా వలలు, నైలాను తాళ్లు, పెద్ద పెద్ద సముద్రపు హుక్కులు. చెరువు సామాను కావాలంటే మూల ఉన్న చిన్న గాజు పెట్టె చూపించారు. ప్యాకెట్ విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదు. పచ్చటి వీపు, పసుపు పొట్ట, వెనక రెండు రబ్బరు పీచుల కాళ్లు. చూడటానికి చాలా ముద్దుగా ఉంది.

రెండోది అమెరికా నుంచి వచ్చింది. మా చిన్నాన్న కొడుకు వర్జీనియాలో ఉంటాడు. సెలవుకి వచ్చినప్పుడు "అన్నయ్యా, నీ కొర్రమీనుకి ఇది వేసి చూడు" అని చేతిలో పెట్టాడు. 6 సెంటీమీటర్ల పొడవు, 14 గ్రాముల బరువు. రంగు మామూలు గోధుమ రంగు, మన పొలం గట్టు కప్ప రంగే. షాపు కప్ప పక్కన పెడితే వెలవెలబోతుంది.

తమ్ముడికి ఈ కప్పలతో ఏం పనీ అని అడిగితే అతను చెప్పిన కథ నన్ను చాలా రోజులు వదల్లేదు. వాళ్లుండే చోట పోటోమాక్ అనే పెద్ద నది ఉంది. అందులో మన కొర్రమీనుకి దాయాది లాంటి చేప ఉంది, నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు. అది అక్కడిది కాదు, చైనా, కొరియా వైపుది. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో మొదట బయటపడింది. ఎవరో కూర కోసం కొన్న చేపల్ని బతికుండగానే ఆ చెరువులో వదిలేశారు. అవి పిల్లలు పెట్టాయి. ప్రభుత్వం వాళ్లు చెరువులో మందు కొట్టి చేపలన్నీ చంపితే వెయ్యికి పైగా పిల్లలు తేలాయి. అదే ఏడాది బతికున్న స్నేక్‌హెడ్‌లని దేశంలోకి తేవడం మీద నిషేధం పెట్టారు. అయినా 2004లో పోటోమాక్ నదిలో దొరికాయి, ఇక పోలేదు. ఇప్పుడు వర్జీనియాలో దాన్ని పట్టి ఇంటికి తీసుకెళ్లాలంటే వెంటనే చంపాలి, అక్కడి వన్యప్రాణి శాఖకి చెప్పాలి. ప్రాణంతో మోసుకెళ్లకూడదు. ఆ చేపని కలుపు మొక్కల మీద నుంచి రప్పించడానికి అక్కడివాళ్లు వాడేదే ఈ బోలు కప్ప.

మనకి కొర్రమీను ఇంటి చేప. చంటిపిల్లల తల్లికి పెట్టే చేప, జ్వరం తగ్గినవాళ్లకి పులుసు కాచి పోసే చేప. ముళ్లు తక్కువ. బజారులో బేసిన్‌లో కొద్ది నీళ్లలో గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది, ఎందుకంటే అది పైకి వచ్చి గాలి పీల్చగలదు. ఆ గాలి పీల్చే గుణమే అక్కడ దాని దాయాదిని మొండి చేపగా నిలబెట్టింది. ఇక్కడ అదే గుణం ఎండాకాలంలో చెరువు అడుగంటినా దాన్ని బురదలో బతికిస్తోంది.

ఇక కప్ప సంగతి. బోలు కప్ప లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. మెత్తటి ఒళ్లు, కడుపులోంచి వెనక్కి వచ్చే జంట హుక్కు. ఆ రెండు మొనలూ పైకి తిరిగి వీపుకి ఆనుకుని ఉంటాయి. అందుకే గుర్రపు డెక్క మీద, తామరాకుల మీద, నాచు మీద లాక్కొచ్చినా ఎక్కడా తగులుకోదు. చేప నోట పట్టి నొక్కగానే ఒళ్లు అణిగి, మొనలు బయటపడి, దవడకి దిగుతాయి. కిటుకంతా ఆ అణగడంలోనే ఉంది. బొటనవేలితో వీపు నొక్కితే మొనలు వేలికి తగలాలి. తగలకపోతే ఆ కప్ప బొమ్మే.

షాపు కప్ప దగ్గర నాకు తేడా వచ్చింది ఇక్కడే. రబ్బరు గట్టిది. నొక్కితే సగమే అణుగుతుంది, వదిలితే టక్కున ఉబ్బుతుంది. జూన్, జూలై నెలల్లో చేపలు దాన్ని బాగానే కొట్టాయి. కొట్టిన ప్రతిసారీ నీళ్లు ఎగిరేవి, నా గుండె ఎగిరేది, లాగితే ఖాళీ కప్ప తిరిగొచ్చేది. నాలుగైదు కాట్లకి ఒక చేప దొరికితే గొప్ప. నాకే చేతకావడం లేదనుకున్నాను. అమెరికా కప్ప కట్టాక అదే చెరువులో, అదే చేత్తో, సగం కాట్లు చేపలుగా మారాయి. అప్పుడు తెలిసింది లోపం రబ్బరుదని.

దాన్ని కొంత బాగు చేయొచ్చు. పది నిమిషాలు వేడినీళ్లలో ఉంచి, చేత్తో పదిసార్లు పిసికితే కాస్త మెత్తబడింది. హుక్కు మొనల్ని ప్లయర్‌తో వెంట్రుకవాసి బయటికి వంచాను. ఎక్కువ వంచితే డెక్కకి తగులుకుంటుంది, అదొక జాగ్రత్త. ఇవి చేశాక పరవాలేదనిపించింది. కానీ హుక్కు ఇనుము పల్చన. సెప్టెంబరులో కిలోన్నర చేప ఒకటి డెక్క కిందికి దూరి మెలితిరిగితే ఒక పక్క మొన తెరుచుకుని తిన్నగా అయిపోయింది. చేప పోయింది. అమెరికా కప్పకి హుక్కు మందం, ఆరు నెలల్లో ఒక్కసారి మాత్రమే ఆకురాయితో మొన గీయాల్సి వచ్చింది.

అయితే అమెరికా కప్పకీ లోపం ఉంది. మెత్తదనం వల్లే అది త్వరగా చిరుగుతుంది. కొర్రమీను పళ్లు చిన్నవైనా సూదుల్లా ఉంటాయి. మూడో చేపకే పొట్ట మీద గాట్లు పడ్డాయి. గాట్లలోంచి, హుక్కు దూరే కన్నంలోంచి నీళ్లు వెళ్తాయి. నీళ్లు నిండిన కప్ప తోక దించుకుని బరువుగా కదులుతుంది. ప్రతి నాలుగైదు విసుర్లకి ఒకసారి పట్టుకుని పిండాలి. గాటు మీద సూపర్ గ్లూ ఒక చుక్క వేసి రాత్రంతా ఆరబెడితే మళ్లీ పని చేస్తుంది. నా కప్ప పొట్ట మీద ఇప్పుడు ఏడు గ్లూ మచ్చలున్నాయి.

రంగు గురించి ఒక్క మాట. షాపు కప్ప పచ్చరంగు రెండు నెలల్లో పొట్ట దగ్గర పొట్టు రేగిపోయింది, అయినా కాట్లు తగ్గలేదు. చేప కింద నుంచి చూసేది పొట్టనే, అదీ వెలుగుకి అడ్డంగా నల్లటి నీడలా. మబ్బు రోజున నల్ల కప్ప ఉంటే బాగుంటుందని నా నమ్మకం, అంతే.

కర్ర, లైను విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. మామూలు నైలాను లైనుతో ఈ కప్ప వేయకండి. మొదటి రెండు వారాలు నేను వేసింది అదే. నైలాను సాగుతుంది. ముప్ఫై అడుగుల దూరంలో చేప కొడితే మీరు ఎంత గట్టిగా లాగినా ఆ విసురు సాగడంలోనే పోతుంది. పైగా ఒక రోజు మంచి చేప పట్టుబడి డెక్క వేళ్లలోకి దూరింది. లైను వేళ్లకి చుట్టుకుని ఫట్‌మని తెగింది. కప్ప చేప నోట్లోనే ఉండిపోయింది. గట్టు మీద కూర్చుని గంటసేపు ఆ డెక్క వంక చూశాను. కాసేపటికి ఒకచోట ఆకులు కదిలాయి, అంతే. నోట్లో ఇనుముతో ఆ చేప ఎన్నాళ్లు బతికిందో నాకు తెలియదు. ఆ సాయంత్రమే 40 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ లైను, అంటే పోగులు అల్లిన దారం, కొన్నాను. అది సాగదు, డెక్క కాడల్ని కోసుకుంటూ వస్తుంది. కర్ర 7 అడుగులు, కాస్త బిరుసుగా ఉండేది, మీడియం హెవీ అంటారు. పోయిన షాపు కప్ప బదులు అదే రకం ఇంకోటి కొన్నాను, పైన చెప్పిన సెప్టెంబరు సంగతి ఆ రెండో దానిదే.

కప్పని ఎలా నడపాలో నాకు నేర్పింది ఏ వీడియో కాదు. చెరువు దగ్గర కాపలా ఉండే తాత. డెబ్బై ఏళ్లుంటాయి. ఆయన గాలం అంటే పది అడుగుల వెదురు కర్ర, మూరెడు దారం, బతికున్న చిన్న కప్ప. డెక్క మధ్య ఖాళీ గుంతల్లో కప్పని దించి, నీటిని తాకించి, ఎత్తి, మళ్లీ తాకిస్తాడు. నేను గబగబా రీలు తిప్పడం రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడో రోజు దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, కప్ప అలాగ పరిగెడతాదా? ఎగురుతాది, ఆగుతాది, అటూ ఇటూ సూస్తాది. బేగి బేగి లాగకు" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి కర్ర కొస కిందికి దించి, రెండు చిన్న కుదుపులు ఇచ్చి ఆపడం మొదలుపెట్టాను. ఆకు అంచు నుంచి ఖాళీ నీళ్లలోకి కప్ప జారి పడ్డాక ఐదు లెక్కపెట్టేదాకా కదపను. కాట్లలో ఎక్కువ ఆ ఆగిన క్షణంలోనే పడ్డాయి. కుదుపుకి కప్ప ముక్కు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిరగాలి. అమెరికా కప్ప పొట్ట దోనె అడుగులా ఉంటుంది కాబట్టి ఇది సులువుగా చేస్తుంది. షాపు కప్ప పొట్ట బల్లపరుపు, తిన్నగా ముందుకే వస్తుంది. దాని కాళ్లు రెండూ సమానంగా అంగుళం మేర కత్తిరించాక కొంచెం తిరగడం నేర్చింది. మొదట ఒక కాలు ఎక్కువ కత్తిరించాను, ఒక పక్కకే గిరగిరా తిరిగింది. కొలిచి కత్తిరించండి.

ఇంకొకటి, అన్నిటికంటే కష్టమైనది: చేప కొట్టగానే లాగకూడదు. "బుడుంగ్"మని నీళ్లు పగలగానే చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఆపుకోవాలి. కప్ప కనబడకుండా పోయి, లైను ఒక పక్కకి సాగడం మొదలయ్యాక అప్పుడు గట్టిగా ఒక్క లాగు. మనసులో ఒకటి, రెండు అనుకునేంత సేపు చాలు. నాకు ఇది అలవాటు కావడానికి నెలన్నర పట్టింది.

తాత రబ్బరు కప్పని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆయన చిన్నప్పుడు కప్పల్ని బస్తాల్లో కొనుక్కెళ్లేవాళ్లట, కాళ్లు విదేశాలకి పంపడానికి. 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపేసింది. "అప్పుడు వానొస్తే పొలమంతా అరుపులే, ఇప్పుడు గాలానికి ఒక్క కప్ప దొరకాలన్నా గట్టంతా ఎతకాలి" అన్నాడు. నాకూ బతికున్న కప్ప వీపుకి హుక్కు గుచ్చడం ఎప్పుడూ మనసొప్పలేదు. ఆ ఒక్క కారణం చాలు నాకు 220 రూపాయలు పెట్టడానికి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. జూలై చివర, వానలు పడి చెరువు నిండాక, ఒక చోట నీటి పైన చినుకులు పడుతున్నట్టు కనిపించింది. ఆకాశంలో మబ్బు లేదు. దగ్గరికి వెళ్తే కొర్రమీను పిల్లలు. అంగుళం కూడా లేని ఎర్రటి పిల్లలు వందలకొద్దీ ఒకే ముద్దగా ఈదుతూ గాలి కోసం పైకి వచ్చి వెళ్తున్నాయి. వాటి కింద ఎక్కడో తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా కప్ప వేస్తే అవి ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. తప్పిపోవడం ఉండదు. వర్జీనియాలో మా తమ్ముడు వాళ్లు వెతుక్కునేది ఇదే గుంపుని, ఎందుకంటే అక్కడ ఆ సంతానం పెరగకూడదు. నేను కర్ర ఎత్తాను. వెనక నుంచి తాత అన్నాడు, "గుంటలున్న తల్లి బాబూ, ఒగ్గేయ్. తల్లిని తీస్తే సాయంత్రానికి జిలేబీలు గుంటలన్నిట్నీ తినేస్తాయి."

గుంటలంటే పిల్లలు, జిలేబీ అంటే తిలాపియా చేప. ఒగ్గేశాను. ఆగస్టు అంతా ఆ మూలకి కప్ప వేయలేదు. అక్కడ చంపడం ఎంత సరైనదో ఇక్కడ వదిలేయడం అంతే సరైనది. అక్కడ బయటి నుంచి వచ్చినది ఆ చేప. ఇక్కడ బయటి నుంచి వచ్చినవి వేరే ఉన్నాయి. తాత చెప్పిన జిలేబీ 1952లో మన దేశానికి తెచ్చింది, ఆఫ్రికా చేప. 2000లో నిషేధించినా దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒకటి. అక్వేరియంలో అద్దం నాకుతుందని కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలేసే ముళ్ల ఒంటి సక్కర్ చేప ఇంకొకటి. ఆ గుర్రపు డెక్క కూడా దక్షిణ అమెరికాదే. నా చెరువులో జిలేబీలు ఈ కప్ప వంక కన్నెత్తి చూడలేదు, వాటికి వానపామే. అవి దొరికితే నేను తిరిగి నీళ్లలో వేయను, కూరకి తీసుకెళ్తాను. అక్వేరియం చేపల్ని దయచేసి చెరువుల్లో వదలకండి. క్రాఫ్టన్ కథ మొదలైంది అలాగే.

కొర్రమీను వదలాలంటే హుక్కు త్వరగా రావాలి. అందుకని నేను రెండు కప్పలకీ హుక్కు మొన వెనక ఉండే ఎదురు ముల్లుని ప్లయర్‌తో నొక్కేశాను. కొన్ని చేపలు జారిపోతాయి నిజమే. కానీ లైను బిగువు వదలకపోతే ఎక్కువ పోవు. చేతులు తడి చేసుకుని పట్టుకోవాలి, మొప్పల్లో వేళ్లు పెట్టకూడదు. నేను రోజుకి ఒకటే ఇంటికి తీసుకెళ్తాను, కిలో దాకా ఉన్నది.

ఎక్కడ వేయాలి అని అడిగేవాళ్లకి: మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ లాంటివి ఊరికి నీళ్లిచ్చే జలాశయాలు. అనుమతి లేకుండా అక్కడ దిగకండి. కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సులో తాటి దోనెల మీద తిరిగేవాళ్లకి ఆ చేపలే బతుకుతెరువు, శీతాకాలంలో పక్షులు వస్తాయి, నేను అక్కడికి కర్ర లేకుండానే వెళ్తాను. ఊరి చెరువైతే పాటదారుని అడగండి. డబ్బులిచ్చి అడిగితే కాదన్నవాళ్లని నేను చూడలేదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత. డిసెంబరు చలి మొదలయ్యాక కాట్లు బాగా తగ్గాయి.

ఏది కొనాలంటే, మెత్తగా అణిగేదే కొనండి, అది ఏ దేశానిదైనా. 220 రూపాయల కప్పతో మొదలుపెట్టడం తప్పు కాదు, కానీ దానికి పైన చెప్పిన పనులన్నీ చేయాలి, హుక్కుని నమ్మకూడదు. ఖర్చు పెట్టగలిగితే ముందు బ్రెయిడ్ లైనుకి పెట్టండి, కప్పకి తర్వాత. ఇదే కప్పని సముద్రంలోనూ వేయొచ్చని షాపులో చెప్పారు. ఒక్కసారి భీమిలిలో వేశాను, చేప రాలేదు, సరిగా కడగకపోవడంతో రెండు రోజుల్లో షాపు కప్ప హుక్కు తుప్పు పట్టింది.

సంక్రాంతి ముందు ఆ షాపు కప్పకి మా తమ్ముడు పంపిన మందం హుక్కు మార్చి తాతకి ఇచ్చాను. దాన్ని తన వెదురు కర్రకి మూరెడు దారంతో కట్టి, డెక్క గుంతల్లో తనదైన పద్ధతిలో ముంచి లేపుతున్నాడు. మొన్న ఆదివారం వెళ్తే గట్టు మీద తడిగోనె కింద ముప్పావు కిలో కొర్రమీను ఉంది. కప్ప పొట్ట చూపించి, "చిరిగింది బాబూ, నీ దగ్గర అంటించే మందు ఉందా" అని అడిగాడు. సూపర్ గ్లూ ట్యూబు అక్కడే ఆయన గుడిసె చూరులో పెట్టి వచ్చాను.